మార్టిన్ ఏమిస్‌ని ఏ పుస్తకంతో మొదలుపెట్టాలి?

అందరికీ నమస్కారం, చిన్న సలహా కావాలి. ఈ మధ్య బ్రిటిష్ రచయిత కింగ్స్‌లీ ఏమిస్ రాసిన 'లక్కీ జిమ్' (1954) చదివి పగలబడి నవ్వాను. ఇప్పుడు మనసు ఆయన కొడుకు, నవలాకారుడు మార్టిన్ మీద పడింది. మార్టిన్ సవతి తల్లి ఎలిజబెత్ జేన్ హవర్డ్ కూడా నవలా రచయిత్రే. చదువు మీద ధ్యాసలేని కుర్రాడి చేత జేన్ ఆస్టిన్‌ని చదివించింది ఆవిడేనట. 1973లో వచ్చిన మార్టిన్ తొలి నవల 'ది రేచెల్ పేపర్స్'కి, యువ రచయితలకిచ్చే సోమర్‌సెట్ మామ్ అవార్డు వచ్చింది. తండ్రికీ తొలి నవలకే అదే అవార్డు! బుకర్ మాత్రం తండ్రికే దక్కింది, 1986లో.

నా ఇబ్బంది ఏంటంటే, మార్టిన్ నవల 'మనీ' (1984) మొదలెట్టి అరవై పేజీల దగ్గర ఆగిపోయాను. కథానాయకుడు జాన్ సెల్ఫ్ తాగుడు, బూతులు, ఆ మాటతీరు... ఒక్కో వాక్యం రెండుసార్లు చదవాల్సి వస్తోంది. (కథలో మార్టిన్ ఏమిస్ అనే పాత్ర రాగానే తండ్రి పుస్తకం విసిరికొట్టాడంటారు. నేనింకా అక్కడిదాకా కూడా వెళ్లలేదు.) పట్టుబట్టి పూర్తి చేయాలా? కాలం వెనక్కి నడిచే 'టైమ్స్ ఏరో' (1991) అందుకోనా? అది సన్న పుస్తకం కదా అని ఆశ. లేక నాన్న గురించి రాసుకున్న 'ఎక్స్‌పీరియన్స్' (2000)తో మొదలెడితే మేలా? చదివినవాళ్లు కాస్త చెప్పండి.