సంచలన ప్రకటన చేసిన శాస్త్రవేత్త సామాన్యులకు ఎంతవరకు జవాబుదారీ?

ప్రశ్న: మల్లేశ్వరం వాసి

బెంగళూరు తెలుగు మిత్రులకు నమస్కారం. ఇటీవల మా ప్రాంతంలో జరిగిన ఒక ఉపన్యాసంలో, కె2-18బి అనే గ్రహం మీద జీవం ఉందని 99.7 శాతం రుజువైందని వక్త ప్రకటించారు. ఆ అంకె ఎలా వచ్చిందని సభలో ఒక పెద్దాయన అడిగితే, అది గణితం తెలిసినవారికే అర్థమవుతుందని, కావాలంటే పరిశోధన పత్రం చదువుకోవచ్చని చెప్పి తర్వాతి ప్రశ్నకు వెళ్ళిపోయారు. నేను బ్యాంకులో పనిచేస్తాను, విజ్ఞానశాస్త్రం ఇంటర్‌తోనే ఆగిపోయింది. ఇంత పెద్ద మాటను జనం ముందు చెప్పినవారు దాని ఆధారాన్ని ఆ జనానికే అర్థమయ్యేలా చెప్పవలసి ఉంటుందా, లేక తోటి నిపుణులను ఒప్పిస్తే సరిపోతుందా?

జవాబు: విశ్రాంత భౌతికశాస్త్ర అధ్యాపకురాలు, జయనగర్

ముందుగా ఆ అంకె సంగతి చూద్దామండీ. 2025 ఏప్రిల్‌లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయానికి చెందిన నిక్కు మధుసూదన్ గారి బృందం, 124 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న ఆ గ్రహపు వాతావరణంలో డైమిథైల్ సల్ఫైడ్ గానీ, దానికి దగ్గరి బంధువైన డైమిథైల్ డైసల్ఫైడ్ గానీ ఉన్నట్టు జాడలు కనిపించాయని ప్రకటించింది. భూమి మీద ఈ వాయువులు ప్రధానంగా సముద్రంలోని సూక్ష్మజీవుల వల్ల పుడతాయి కనుక ఆ వార్తకు అంత ప్రచారం వచ్చింది. సంకేతం బలం మూడు సిగ్మా అని వారు రాశారు. ఆ అణువులు అక్కడ లేనేలేవని అనుకున్నా, కొలతల్లో సహజంగా ఉండే ఒడిదుడుకుల వల్లనే ఇంత బలమైన సంకేతం కనిపించే అవకాశం దాదాపు 0.3 శాతం ఉంటుందని దాని అర్థం. దీన్ని నూరులోంచి తీసివేసి జీవం ఉండే అవకాశం 99.7 శాతం అనడం తప్పు. ఆ అణువులు ఉండే అవకాశం 99.7 శాతం అన్నా తప్పే. విశ్లేషణకు ఎంచుకున్న నమూనా సరైనదేనా, వర్ణపటంలో అదే ఆకృతి వేరే వాయువు వల్ల కూడా రావచ్చునా, జీవంతో పనిలేకుండా ఈ వాయువు తయారుకాగలదా అనే ప్రశ్నలు ఆ అంకె పరిధిలోకే రావు. చివరి ప్రశ్నకైతే అవుననే చెప్పాలి, ఎందుకంటే 67పి అనే తోకచుక్కలో కూడా డైమిథైల్ సల్ఫైడ్ కనిపించింది, అక్కడ జీవం ఉందని ఎవరూ అనడం లేదు.

ఆ దత్తాంశాన్నే ఇతర బృందాలు వేరే పద్ధతుల్లో పరిశీలించి, సంకేతం అంత బలంగా లేదన్నాయి. ఆవిష్కరణ అనిపించుకోవాలంటే ఐదు సిగ్మా, అంటే ఇంకా చాలా బలమైన సంకేతం, కావాలని, జేమ్స్ వెబ్ టెలిస్కోపుతో మరో 16 నుంచి 24 గంటల పరిశీలన జరిగితే అది సాధ్యం కావచ్చని మూల బృందమే చెప్పింది. అంటే, మీ వక్త ఆ బృందం కంటే ఎక్కువ ధీమాతో మాట్లాడారన్నమాట! ఇంతవరకు చెప్పడానికి నాకు ఒక్క సమీకరణం కూడా అవసరం కాలేదని గమనించండి. సామాన్యుడికి గణితమంతా నేర్పాలని ఎవరూ కోరడం లేదు. ఆ అంకె దేన్ని కొలుస్తోందో, ఏది తేలితే ప్రకటన వీగిపోతుందో చెప్పడం మాత్రం ప్రకటన చేసినవారి పనే.

జవాబు: పరిశోధక విద్యార్థి, యశ్వంతపుర

మేడమ్ గారి వివరణతో నాకు పేచీ లేదు, అయితే ఈ బాధ్యతను అందరి మీదా ఒకే తీరున మోపడం అన్యాయమని నా అభిప్రాయం. 2018 జూలైలో మన ఐఐఎస్సీకి (భారతీయ విజ్ఞాన సంస్థ) చెందిన ఇద్దరు పరిశోధకులు, బంగారంలో వెండి నానోకణాలను పొదిగిన పదార్థం 236 కెల్విన్ దగ్గర, అంటే సుమారు మైనస్ 37 డిగ్రీల సెల్సియస్ దగ్గర, సాధారణ పీడనంలోనే అతివాహకంగా, అంటే విద్యుత్తును ఏ అడ్డంకీ లేకుండా పోనిచ్చేదిగా, మారుతోందని ఆర్కైవ్‌లో, అంటే సమీక్షకు ముందే పరిశోధన పత్రాలను ఉంచే వెబ్‌సైటులో, పత్రం పెట్టారు. వేర్వేరు కొలతలకు చెందిన రెండు గీతల్లో, యాదృచ్ఛికంగా ఉండవలసిన నాయిస్ (కొలతల్లోని చిన్న చిన్న ఒడిదుడుకులు) ఒకేలా ఉందని ఎంఐటీలో ఉన్న బ్రయాన్ స్కిన్నర్ ఎత్తిచూపడంతో పెద్ద చర్చ చెలరేగింది. 2019 మేలో మరికొందరు సహరచయితలతో, మరిన్ని కొలతలతో సవరించిన పత్రం వచ్చింది. ఆర్కైవ్‌లో పత్రం పెట్టడమంటే తోటి నిపుణుల ముందు పెట్టడమే. దాన్ని వార్తాపత్రికలు వీధిలోకి తెచ్చినంత మాత్రాన, ప్రతి టీవీ చర్చలోనూ కూర్చుని సమాధానం చెప్పవలసిన అగత్యం పరిశోధకులకు ఉందంటే నేను ఒప్పుకోను. ఇక ప్రయోగశాలలో పనిచేసేదెవరు?

జవాబు: బసవనగుడి పాఠకుడు

ఈ ఊరికి సంబంధించిన ఒక సంగతి గుర్తుచేస్తాను. 1928 ఫిబ్రవరి 28న కలకత్తాలో కనుగొన్న కొత్త కాంతి గురించి సి.వి. రామన్ గారు మార్చి 16న బెంగళూరు సెంట్రల్ కాలేజీలో ప్రసంగించారు. సూర్యకాంతి, రంగు ఫిల్టర్లు, శుద్ధిచేసిన ద్రవాలు ఉంటే కంటితోనే చూడగలిగిన ప్రయోగంతో ఆయన మొదలుపెట్టారు. ప్రసంగం ఆ నెలాఖరుకే అచ్చయి విదేశాల్లోని శాస్త్రవేత్తలకు చేరింది. జర్మనీలో ప్రింగ్‌షైమ్, అమెరికాలో ఆర్.డబ్ల్యు. వుడ్ ఆ ప్రయోగాన్ని తామూ చేసి చూసి నిజమేనన్నారు. సభలో కూర్చున్నవారు ఎక్కువగా విజ్ఞానశాస్త్రంతో పరిచయం ఉన్నవారేనని ఒప్పుకుంటాను, అయినా ఏం చేశామో, ఎలా చేశామో దాచకుండా చెప్పిన పద్ధతి ముఖ్యం.

జవాబు: విశ్రాంత భౌతికశాస్త్ర అధ్యాపకురాలు, జయనగర్

యశ్వంతపుర మిత్రుడు చూపిన తేడా సరైనదే. ఆర్కైవ్‌లో మాట్లాడినవారు ఆర్కైవ్ పాఠకులకు, సభలో మాట్లాడినవారు ఆ సభకు జవాబు చెప్పాలి. అయితే ప్రశ్న అడిగినవారు చూసింది రెండో రకం. ఒపెరా అనే భౌతికశాస్త్ర ప్రయోగ బృందం 2011 సెప్టెంబరులో, జెనీవా దగ్గరి సెర్న్ ప్రయోగశాల నుంచి ఇటలీలోని గ్రాన్ సాసో వరకు సుమారు 730 కిలోమీటర్లు ప్రయాణించిన న్యూట్రినోలు అనే అతి సూక్ష్మ కణాలు కాంతి కంటే దాదాపు 60 నానోసెకన్లు ముందు చేరినట్టు కొలతలు చూపుతున్నాయని బహిరంగంగా ప్రకటించినప్పుడు, కాంతి కంటే వేగంగా ఏదీ పోలేదన్న ఐన్‌స్టీన్ తప్పని అనలేదు. తమకు పొరపాటు దొరకలేదని, ఇతరులు వెతికిపెట్టాలని కోరింది. 2012లో సరిగా బిగించని ఒక ఆప్టికల్ ఫైబర్ కేబుల్ ప్రధాన కారణమని తేలింది. ఆ ప్రకటన తొందరపాటేనని విమర్శించినవారు ఉన్నారు, నాయకత్వం మారింది కూడా, కానీ సందేహాన్ని దాచారని మాత్రం ఎవరూ అనలేకపోయారు.

మల్లేశ్వరం మిత్రులు నిర్వాహకులకు ఒక ఉత్తరం రాయవచ్చు. 99.7 అనేది దేని శాతమో వక్తను ఒక్క వాక్యంలో రాసివ్వమని అడిగి, ఉపన్యాసాన్ని ఏ వాట్సాప్ బృందాల్లో ప్రచారం చేశారో ఆ జవాబును అక్కడే పంచమని కోరండి.