ప్రధాని లేబర్ మనిషి, ఇండియా మంత్రి కన్సర్వేటివ్: 1931 బ్రిటిష్ కేబినెట్ లెక్క ఏంటి?

తిరుపతి నుంచి, గ్రూప్స్ అభ్యర్థి:
అందరికీ నమస్తే. రౌండ్ టేబుల్ సమావేశాలు చదువుతుంటే ఒకచోట ఆగిపోయాను. రెండో సమావేశానికి గాంధీగారు వెళ్లినప్పుడు ప్రధాని రామ్సే మెక్‌డొనాల్డ్, లేబర్ పార్టీ వ్యవస్థాపకుల్లో ఒకరు. ఇండియా వ్యవహారాల మంత్రేమో శామ్యూల్ హోర్, కన్సర్వేటివ్. పైగా ఒక మెటీరియల్‌లో ఆ కేబినెట్ పదిమంది అని, ఇంకోదాంట్లో ఇరవై మంది అని ఉంది. ఏది రాయాలి? యూనివర్సిటీ దగ్గర గదిలో మా అందరికీ ఇదే టెన్షన్.

చిత్తూరు, రిటైర్డ్ లెక్చరర్:
రెండూ కరెక్టే నాయనా, నెలలు వేరు. నిరుద్యోగ భృతిలో 10 శాతం కోత పెట్టాలా వద్దా అన్నదాని మీద లేబర్ కేబినెట్ 11, 9గా చీలిపోయింది. అంతమంది ఎదురు తిరిగాక నడపడం కుదరదని మెక్‌డొనాల్డ్ రాజీనామాకు సిద్ధపడితే, రాజు ఐదో జార్జి అన్ని పార్టీలతో కలిసి నడపమన్నాడు. అలా 1931 ఆగస్టులో జాతీయ ప్రభుత్వం వచ్చింది. కేబినెట్‌లో పదిమందే: లేబర్ నుంచి మెక్‌డొనాల్డ్, స్నోడెన్, థామస్, శాంకీ, కన్సర్వేటివ్‌లు బాల్డ్విన్, చాంబర్లిన్, హోర్, కన్లిఫ్-లిస్టర్, లిబరల్స్ శామ్యూల్, రీడింగ్. లేబర్ పార్టీ మెక్‌డొనాల్డ్‌ను బయటికి పంపేసింది, కాబట్టి ఆయన్ని అప్పటి లేబర్ ప్రధాని అని రాయొద్దు.

అక్టోబర్ ఎన్నికల్లో కన్సర్వేటివ్‌లకు దాదాపు 470 సీట్లు వస్తే, మెక్‌డొనాల్డ్ వెంట నిలిచిన చిన్న గుంపుకు 13. నవంబర్‌లో ఇరవై మందితో కేబినెట్ వేస్తే అందులో పదకొండు మంది కన్సర్వేటివ్‌లే. ఆర్థిక శాఖ కూడా స్నోడెన్ నుంచి నెవిల్ చాంబర్లిన్‌కి పోయింది.

తిరుపతి నుంచి, గ్రూప్స్ అభ్యర్థి:
థ్యాంక్యూ సార్, ఇప్పుడు అర్థమైంది. అయితే మెక్‌డొనాల్డ్ పేరుకే ప్రధానా?

మదనపల్లె నుంచి:
అంత తేలిగ్గా తీసిపారేయకండి, 1932 ఆగస్టులో కమ్యూనల్ అవార్డు (మతాలు, వర్గాల వారీగా, దళితులకు కూడా, వేరే నియోజకవర్గాలు ఇచ్చే నిర్ణయం) ప్రకటించింది ఆయనే, ఎరవాడ జైల్లో గాంధీగారి నిరాహారదీక్షకు, పూనా ఒప్పందానికి దారి తీసింది అదే.

నాకైతే తలల లెక్క కంటే ఎవరు ఏ కుర్చీలో కూర్చున్నారో చూడటం ముఖ్యం అనిపిస్తుంది. ఆగస్టులో విదేశాంగ మంత్రి లార్డ్ రీడింగ్, అంతకుముందు మన వైస్రాయ్. నవంబర్‌లో ఆ కుర్చీలోకి వచ్చింది జాన్ సైమన్! 1928లో మద్రాసులో ప్రకాశం పంతులు గారు తుపాకులకు గుండె చూపించి ‘గో బ్యాక్’ అన్నది ఆ సైమన్ కమిషన్‌కే. 1932లో విద్యాశాఖకు ఇర్విన్ వచ్చాడు, గాంధీగారితో ఒప్పందం చేసుకున్న వైస్రాయ్ ఆయనే. మన గురించి బాగా తెలిసినవాళ్లు ఇంతమంది ఉండి కూడా ఆ ఏడాదే కాంగ్రెస్ వాళ్లను వేలల్లో జైళ్లలో పెట్టారు. నాకు ఇప్పటికీ కోపం తెప్పించేది ఇదే.

చిత్తూరు, రిటైర్డ్ లెక్చరర్:
బాగా చెప్పారు. ఇంకొకటి కలిపి చదువుకో నాయనా: 1932 సెప్టెంబర్‌లో ఒట్టావా సుంకాల ఒప్పందం నచ్చక స్నోడెన్, శామ్యూల్ తప్పుకున్నారు. 1935 జూన్‌లో బాల్డ్విన్ ప్రధాని అయ్యాడు, హోర్ విదేశాంగానికి మారాడు, ఆ ఆగస్టులోనే భారత ప్రభుత్వ చట్టం వచ్చింది. ఆ బిల్లును పార్లమెంటులో మోసుకొచ్చింది మాత్రం హోరే.