బాస్కెట్‌బాల్ హోమ్ మ్యాచ్‌లకు హాలు నిండాలంటే పాసులు పంచాలా, టికెట్టు పెట్టాలా? (కలం పేర్లతో సాగిన చర్చ)

బందరు రోడ్డు:

భారత బాస్కెట్‌బాల్ సమాఖ్య ఆధ్వర్యంలో 2022 అక్టోబరులో మొదలైన జాతీయ లీగ్‌లో చెన్నై, బెంగళూరు, చండీగఢ్, ఢిల్లీ, కొచ్చి, ముంబయి పేర్లతో ఆరు జట్లు ఆడాయి. అయితే ఆ ఆరూ కలిసి ఒక విడత కొచ్చిలోనూ, మరో విడత అసలు జట్టే లేని జైపూర్‌లోనూ ఆడుతూ ఊరూరా తిరిగాయే తప్ప, ఏ జట్టూ తన ఊరి జనం ముందు వారం వారం ఆడింది లేదు. ఈ పద్ధతిలో ఖర్చు తగ్గుతుందన్న మాట నిజమే. ఒకే హాలు, ఒకే కెమెరా బృందం, ఒకే హోటలు సరిపోతాయి. కానీ ఇలా తిరిగినంత కాలం జట్టుకు ఊరు పేరు ఉంటుంది గానీ, ఆ ఊరికి జట్టుతో ఏ సంబంధమూ ఏర్పడదు.

రేపు ఏదైనా లీగ్ నిజంగా సొంత ఊళ్ళో సగం, ఎదుటివారి ఊళ్ళో సగం మ్యాచ్‌లు ఆడించే పద్ధతికి మళ్ళి, మన కృష్ణా, గుంటూరు ప్రాంతానికి ఒక జట్టు వచ్చిందనుకుందాం. విజయవాడలో జరిగే ఆ మ్యాచ్‌లకు జనాన్ని ఎలా రప్పించాలన్న ప్రశ్న వచ్చినప్పుడు, ఆటతో సంబంధమున్న వారిలో చాలామంది "కాలేజీలకు పాసులు పంచేస్తే సరి" అని తేల్చేస్తున్నారు. దీన్ని నేను అంగీకరించలేను.

మన ఊళ్ళో ఏ కార్యక్రమం జరిగినా మొదట వినిపించే మాట "పాసులేమైనా ఉన్నాయా" అన్నదే. మొదటి రెండు వరసల్లో తెల్లగుడ్డ కప్పిన సోఫాలు వేసి, ముఖ్య అతిథులు వచ్చేదాకా ఆటగాళ్ళను వార్మప్ పేరుతో అటూ ఇటూ తిప్పి, విరామంలో వరసగా శాలువాలు కప్పుతూ పోయే పోటీలు మనలో చూడనివారు లేరు. అంతర్జాతీయ నియమాల ప్రకారం పదేసి నిమిషాల నాలుగు భాగాలు, మధ్యలో పదిహేను నిమిషాల విరామం కలుపుకొని రెండు గంటల్లోపు ముగిసిపోవలసిన ఆట, ఈ సన్మానాల మూలంగా మూడు గంటలు సాగుతుంది. శాలువాలు అయిపోగానే సోఫాలు ఖాళీ అవుతాయి, మూడో భాగం నుంచి టీవీ కెమెరాకు ఎదురుగా కనిపించేవి ఆ ఖాళీ సోఫాలే. పాసు మీద వచ్చిన మనిషి పోగొట్టుకునేది ఏమీ ఉండదు కనుక వర్షం పడినా రాడు, సీరియల్ ఉన్నా రాడు, వచ్చినా చివరిదాకా కూర్చోడు.

నా ప్రతిపాదన ఇది. పెద్ద ప్రాంగణం జోలికి పోకుండా దండమూడి రాజగోపాలరావు ఇండోర్ స్టేడియం వంటి హాలులోనే ఆడాలి. యాభై రూపాయలైనా సరే టికెట్టు ఉండాలి. ప్రతి హోమ్ మ్యాచ్ వారంలో ఒకే రోజున, ఒకే వేళకు మొదలుకావాలి. కార్పొరేటరు గారికైనా పాసు ఇవ్వకూడదు. జనవరి మొదట్లో పుస్తక ప్రదర్శన జరుగుతుందని ఈ ఊళ్ళో ఒకరు ఇంకొకరికి చెప్పనక్కరలేదు, ఆ రోజులు రాగానే జనం వాళ్ళంతట వాళ్ళే బయలుదేరతారు. మ్యాచ్ రోజు కూడా అలా గుర్తుండిపోవాలి.

పాత పాయింట్‌గార్డు:

బందరు రోడ్డు గారు సోఫాల గురించి రాసినదంతా అక్షరాలా నిజం. లయోలా కళాశాల కోర్టులో ఆడిన రోజుల్లో ఆ శాలువాల కోసం ఒళ్ళు చల్లబడేదాకా నిలబడ్డవాళ్ళలో నేనూ ఒకణ్ణి. కానీ దానికి మందు టికెట్టు కాదు.

క్రికెట్‌కు యాభై కాదు, అయిదు వందలు పెట్టినా కొంటారు, ఎందుకంటే ఆట తెలుసు. బాస్కెట్‌బాల్‌లో బంతి చేతికొచ్చిన ఇరవై నాలుగు సెకన్లలో బుట్ట వైపు విసరాలన్న సంగతి మన ఊళ్ళో నూటికి ఎంతమందికి తెలుసు? తెలియని ఆటకు ముందే డబ్బు కట్టమంటే కట్టేదెవరు? అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ వారు 2019 అక్టోబరులో మొదటిసారి ముంబయిలో ఇండియానా, శాక్రమెంటో జట్లను ఆడించినప్పుడు, మొదటి రోజు మ్యాచ్‌కు టికెట్లు అమ్మలేదు. దాదాపు మూడు వేల మంది బడిపిల్లలను కూర్చోబెట్టి చూపించారు. డబ్బుకు కొదవలేని వాళ్ళే మొదటి రోజు ఉచితమన్నప్పుడు, మనం తలుపు దగ్గర చిల్లర ఎంచుకుంటూ కూర్చుంటే ఎలా? మొదటి ఏడాది అంతా ఉచితంగా చూపించి, రుచి తగిలాక టికెట్టు పెట్టాలన్నది నా అభిప్రాయం.

బందరు రోడ్డు:

ముంబయి ఉదాహరణ తెచ్చినందుకు ధన్యవాదాలు, అది నా వాదనకే బలమిస్తుంది. ఆ మూడు వేల మందీ ఎన్‌బీఏ వారు బడులలో నడిపే శిక్షణలో బంతి పట్టిన పిల్లలు. ఎవరికి సీటు ఇస్తున్నారో ఇచ్చేవారికి తెలుసు, ఎందుకిచ్చారో పుచ్చుకున్నవారికి తెలుసు. బుట్ట వెనకాల ఒక గ్యాలరీని బడులకు కేటాయించి, వ్యాయామ ఉపాధ్యాయుడి చేతికి పేర్లతో సహా జాబితా ఇస్తే నాకే అభ్యంతరమూ లేదు. కట్టలు కట్టలుగా కార్యాలయాలకు వెళ్ళి, అక్కడి నుంచి డ్రైవర్ల జేబుల్లో తేలే పాసుల గురించే నేను మాట్లాడుతున్నాను.

లెక్కల పుస్తకం:

ఇద్దరూ టికెట్టు వల్ల వచ్చే డబ్బు ఎంతో చూడకుండా వాదిస్తున్నారు. రెండు వేల సీట్ల హాలు, యాభై రూపాయల టికెట్టు అనుకుంటే, ఒక్క సీటూ మిగలకుండా నిండిన రోజున వచ్చేది లక్ష రూపాయలు. పన్నెండు మంది ఆటగాళ్ళు, కోచ్‌లు, ఫిజియోల ప్రయాణం, బస, హాలు అద్దె, లైట్లు, కాపలా, అంబులెన్సు, ఇవన్నీ లెక్కగడితే ఆ లక్ష ఏ మూలకూ రాదు. లీగ్‌ను బతికించేది గేటు దగ్గరి డబ్బు కాదు, ప్రసార హక్కులూ ప్రాయోజకులూ మాత్రమే. 2014లో ప్రో కబడ్డీ మొదలైనప్పుడు ఆ లీగ్‌ను నిలబెట్టింది టీవీ చూసిన కోట్ల మందే. కరోనా కాలంలో ఎనిమిదో సీజన్ మొత్తం బెంగళూరులో ప్రేక్షకులే లేకుండా జరిగింది, అయినా లీగ్ ఆగిపోలేదు.

సొంత ఊరు ఉంటేనే జనం వస్తారన్నదీ నిలిచే వాదన కాదు. ఫిలిప్పీన్స్‌లో 1975 నుంచి నడుస్తున్న పీబీఏ బాస్కెట్‌బాల్ లీగ్‌లో జట్లకు ఊళ్ళే లేవు, కంపెనీల పేర్లతో ఆడతాయి, మ్యాచ్‌లు ఎక్కడ హాలు దొరికితే అక్కడ జరుగుతాయి. అయినా 2023 జనవరిలో హినెబ్రా జట్టు ఆడిన ఫైనల్ ఏడో మ్యాచ్‌కు 54,589 మంది వచ్చారు. కాబట్టి హాలు అనేది కెమెరాకు వెనకతెర. దాన్ని పాసులతో నింపారా, టికెట్లతో నింపారా అన్నది ప్రాయోజకుడు అడగడు.

అరండల్‌పేట:

లెక్కల పుస్తకం గారి లెక్క సరైనదే, దాని నుంచి తీసిన ముగింపు మాత్రం కాదు. ఫిలిప్పీన్స్‌లో వీధి వీధికీ ఒక బుట్ట వేలాడుతుంది, ఆ దేశంలో ప్రేక్షకుడిని కొత్తగా తయారు చేసుకోవలసిన అవసరం లేదు. అక్కడ కూడా 2017లో బాక్సర్ మానీ పాకియావ్ ఇంకో లీగ్ పెట్టి, జిల్లాలకూ పట్టణాలకూ జట్లిచ్చి సొంత ఊళ్ళలో ఆడించాడన్న సంగతి ఆయన వదిలేశారు.

మనకు దగ్గరి ఉదాహరణ హైదరాబాద్ ఫుట్‌బాల్ క్లబ్బు. 2019లో ఏర్పడిన ఆ జట్టు, మొదటి ఏడాది గచ్చిబౌలిలో ఆడగానే కరోనా వచ్చి, తరువాతి రెండు సీజన్లూ గోవాలోనే గడిపింది. 2022 మార్చిలో ఫటోర్డాలో కేరళ జట్టును పెనాల్టీలలో ఓడించి ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) విజేత అయింది. అంటే ఆ జట్టు దేశంలోకెల్లా బాగా ఆడిన కాలంలో హైదరాబాదు వాసి ఒక్క మ్యాచ్ కూడా సొంత మైదానంలో చూడలేకపోయాడు. తిరిగి వచ్చాక గచ్చిబౌలి ఏనాడూ కేరళ జట్టు ఆడే కొచ్చిలా నిండలేదు. ట్రోఫీ టీవీలో కనిపించింది, టీవీలోనే ఉండిపోయింది. వెనకతెర చాలనుకునేవారు ఈ సంగతి ఆలోచించాలి.

జపాన్‌లో ఇంకా తమాషా జరిగింది. అక్కడ బాస్కెట్‌బాల్‌లో రెండు పోటీ లీగ్‌లు ఒకదాన్నొకటి పట్టించుకోకుండా నడుస్తుంటే, 2014 నవంబరులో అంతర్జాతీయ సమాఖ్య ఆ దేశాన్నే సస్పెండ్ చేసింది. ఫుట్‌బాల్‌లో జె లీగ్‌ను కట్టిన కవాబుచి సబురోను పిలిచి పని అప్పగిస్తే, ఆయన రెండింటినీ కలిపి 2016లో బి లీగ్‌ను మొదలుపెట్టించారు. ఆయన మొదట పట్టుబట్టింది ఆటగాళ్ళ గురించి కాదు, హాళ్ళ గురించి. పై శ్రేణిలో ఉండాలంటే అయిదు వేల సీట్ల సొంత హాలు చూపించాలన్నారు. తరువాత 2026-27 సీజన్‌కు నిర్ణయించిన కొత్త అగ్రశ్రేణికి సగటున నాలుగు వేల మంది ప్రేక్షకులు రావాలని షరతు పెట్టారు. ఆ ఒక్క షరతుతో క్లబ్బు నడిపేవాడి దృష్టి కెమెరా మీద నుంచి గేటు మీదికి మళ్ళింది.

ఇక అసలు నేను రాయాలనుకున్నది. ఆస్ట్రేలియాలో టాస్మేనియా అనే దీవి జనాభా మొత్తం ఆరు లక్షల లోపే, అంటే ఒక్క గుంటూరు నగరమంత కూడా కాదు. 2021లో జాతీయ బాస్కెట్‌బాల్ లీగ్‌లోకి వచ్చిన వారి జట్టు, హోబర్ట్‌లో నాలుగు వేల పైచిలుకు సీట్ల హాలును మ్యాచ్ మ్యాచ్‌కూ నింపుతూ 2024లో టైటిల్ గెలిచింది. హోబర్ట్‌కూ ఉత్తరాన ఉన్న లాన్సెస్టన్‌కూ చాలాకాలంగా పొసగదు, అచ్చం మా గుంటూరుకూ విజయవాడకూ లాగానే. అందుకని ఆ క్లబ్బు ప్రతి ఏడాదీ కొన్ని మ్యాచ్‌లు లాన్సెస్టన్‌కు తీసుకెళుతుంది. ముప్పై, ముప్పై అయిదు కిలోమీటర్లే కదా అని విజయవాడవారు అంటారు గానీ, ఆ దూరం ఇటువైపు నుంచి సాయంత్రం ఆరింటికి వారధి మీద కొలిచి చూడండి. జట్టు పేరులో గుంటూరు ఉండి, మ్యాచ్‌లన్నీ బెజవాడలోనే అయితే మా నుంచి ఒక్క టికెట్టూ తెగదు.

కొరిటెపాడు:

మా అమ్మాయి బాస్కెట్‌బాల్ ఆడుతుంది కనుక ఈ హాళ్ళలో ఎక్కువసేపు కూర్చునేది నా వంటివాళ్ళమే. పాసా టికెట్టా అని ఇంతమంది ఇంత రాశారు, మరుగుదొడ్డి గురించి ఒక్కరూ రాయలేదు. నేను వెళ్ళిన ఒక పోటీలో ఆడవాళ్ళ మరుగుదొడ్డికి తాళం వేసి ఉంది, తాళంచెవి వాచ్‌మన్ దగ్గర ఉంది, వాచ్‌మన్ ముఖ్య అతిథి కారు దగ్గర ఉన్నాడు. సిమెంటు గ్యాలరీ మెట్ల మీద మూడు గంటలు కూర్చుంటే మోకాళ్ళు పట్టేస్తాయి, పోనీ అది భరించవచ్చు. తాగేనీళ్ళ సీసాను గేటు దగ్గరే లాక్కుని, లోపల అదే సీసాను రెట్టింపు ధరకు అమ్మడాన్ని మాత్రం భరించలేము.

ఏడింటికి మొదలైన మ్యాచ్ ముగిసి పండిట్ నెహ్రూ బస్‌స్టేషన్‌కు చేరి, గుంటూరు బస్సెక్కి, దిగాక ఆటో మాట్లాడుకుని ఇల్లు చేరేసరికి ఎన్ని గంటలవుతుందో మీరే చెప్పండి. ఆడపిల్లను వెంటబెట్టుకున్న తల్లి యాభై రూపాయలకు వెనుకాడదు, ఆ వేళకు వెనుకాడుతుంది. అయిదున్నరకు మొదలుపెడితే ఎనిమిదిలోపు బయటపడతాము. పురుషుల మ్యాచ్‌కు ముందు స్థానిక అమ్మాయిల జట్లకు ఒక మ్యాచ్ పెట్టండి. ఇరవై నాలుగు మంది అమ్మాయిలు ఆడితే, వాళ్ళ వెనక అమ్మ, నాన్న, తమ్ముడు, మేనత్త ఎంతమంది వస్తారో లెక్కల పుస్తకం గారే కట్టుకోవచ్చు. వాళ్ళంతా టికెట్టు కొనే వస్తారు.

పాత పాయింట్‌గార్డు:

కొరిటెపాడు గారి మాటకు తిరుగులేదు. మొదటి ఏడాది అంతా ఉచితమన్న నా మాటను ఆమె చెప్పిన కుటుంబాల వరకు వదులుకుంటాను, బడిపిల్లల వరకు అలాగే ఉంచుతాను.

అయితే టాస్మేనియా గురించి రాసినవారు ఒకటి మరిచారు. ఆ జట్టు మొదటి సీజన్‌లోనే ఫైనల్‌కు వెళ్ళింది. అదే లీగ్‌లో పెర్త్ జట్టు 1987 నుంచి 2021 దాకా వరసగా 35 సీజన్లు ప్లేఆఫ్‌లకు చేరింది. పాత చిన్న హాలు చాలక 2012లో పదమూడు వేలకు పైగా పట్టే కొత్త అరీనాకు మారితే, అదీ నిండింది. గెలుపు లేకుండా ఈ ఏర్పాట్లన్నీ ఎన్నాళ్ళు నిలుస్తాయి? పైగా మన దేశంలో మంచి ఆటగాళ్ళు ఎక్కువగా తమిళనాడు, కేరళ, పంజాబు నుంచీ రైల్వే జట్టు నుంచీ వస్తారు. మన పేరు పెట్టుకున్న జట్టులో మన కుర్రాళ్ళు ఇద్దరైనా లేకపోతే, ఉన్న ఇద్దరూ బెంచీ మీదే కూర్చుంటే, గ్యాలరీలో ఎవరి పేరు పెట్టి అరవాలి?

బందరు రోడ్డు:

పెర్త్ కథలో నేను చూసేది ఆ వరస క్రమాన్ని. ముందు చిన్న హాలు నిండింది, టికెట్టు దొరకని స్థితి వచ్చింది, ఆ తరువాతే పెద్ద హాలు వచ్చింది. మనవాళ్ళు ముందు పెద్ద ప్రాంగణం కట్టి, దాన్ని నింపడానికి బస్సులు పంపుతారు. ఇద్దరు స్థానిక ఆటగాళ్ళు తప్పనిసరి అన్న షరతును మాత్రం పూర్తిగా సమర్థిస్తాను.

కొరిటెపాడు గారు చెప్పిన అయిదున్నర వేళనే ఖాయం చేద్దాం. రోజు శనివారం కావాలి, ఎందుకంటే కార్తికంలో ఆదివారాలన్నీ వనభోజనాలకు పోతాయి. దసరా పది రోజులూ, డిసెంబరులో భవానీ దీక్షల విరమణ రోజులూ ట్రాఫిక్ మళ్ళింపులు ఉంటాయి కనుక ఆ వారాల్లో హోమ్ మ్యాచ్‌లు పెట్టకూడదు. సంక్రాంతి వారంలో ఊరే ఖాళీ. ఫిబ్రవరి దాటితే ఇంటర్ పిల్లలెవరూ గది దాటి రారు. ఇవన్నీ తీసేస్తే అక్టోబరు చివరి నుంచి ఫిబ్రవరి మొదటి వారం దాకా గట్టిగా పన్నెండు, పదమూడు శనివారాలు మిగులుతాయి. వాటిలోంచి గుంటూరుకు ఇచ్చుకుంటూ పోతే, వారం వారం అన్న అలవాటు ఇక్కడా ఏర్పడదు, అక్కడా ఏర్పడదు. అందుకే మొదటి రెండేళ్ళూ ఒకే హాలు అంటున్నాను.

అరండల్‌పేట:

నేను అడుగుతున్నది రెండు శనివారాలే, అయిదు కాదు. దసరాకూ భవానీలకూ మీ ఊళ్ళో దారులు మూసేసే ఆ రెండు శనివారాలే మాకివ్వండి. గుంటూరులో ఆ రోజుల్లో ఏ మళ్ళింపూ ఉండదు, మీరు వదులుకునే మ్యాచ్ ఒక్కటీ ఉండదు. కోర్టు నేల, బుట్టల స్తంభాలు, సెకన్ల గడియారం లారీలో తెచ్చి బిగించే ఖర్చును ఎవరు భరించాలన్నది లెక్కల పుస్తకం గారు వేసి చూపిస్తే, దాని మీద మాట్లాడదాం.