ఉప్పాడకు గోడ కట్టాలా, ఊరినే లోపలికి జరపాలా?

బడిపంతులు, తాళ్లరేవు
2025 అక్టోబరులో మొంథా తుపానుకు కాకినాడ–ఉప్పాడ బీచ్ రోడ్డు మళ్ళీ కోతకు గురైంది. ఇసుక నింపిన పెద్ద సంచులతో జియో ట్యూబు గోడ వేసినప్పుడు ఇక భయం లేదన్నారు. ఆ సంచులు చిరిగి కుంగిపోయాయి. ఇప్పుడు ఇంకా పెద్ద గోడ కావాలంటున్నారు. నా మాట సూటిగా చెబుతాను. ఒడ్డునున్న మాయాపట్నం, సూరాడపేట ఇళ్ళను లోపలికి తరలించాలి. రాళ్ళకు పోసే డబ్బు ఇళ్ళకు పెట్టాలి. మీరేమంటారు?

సూరాడపేట బోటు
మా తాత వేసిన తాటాకు చుట్టిల్లు, మా నాన్న కట్టిన పెంకుటిల్లు, రెండూ ఇప్పుడు నీళ్ళలో ఉన్నాయండి. వెనక్కి జరుగుతూనే ఉన్నాం, ఇంకెంత జరగాలి? 2020లో నివర్ తుపాను తర్వాత ఇసుకలో బంగారం రేణువులు దొరుకుతున్నాయని జనం ఎగబడ్డారు, టీవీలన్నీ వచ్చాయి. సముద్రం మింగిన ఇళ్ళది, గుళ్ళది ఆ బంగారం అని మా పెద్దోళ్ళు చెబుతారు. గోడ సరిగ్గా కట్టలేదు, అంతే. సరిగ్గా కట్టమని అడగండి.

కాకినాడ కుర్రాడు
కాకినాడ ఎదురుగా సముద్రంలో ఉన్న హోప్ ఐలాండ్ వల్లే ఇదంతా. గోదావరి తెచ్చే ఇసుక అక్కడ మేట వేస్తోంది, ఉప్పాడ దాకా రావడం లేదు.

బడిపంతులు, తాళ్లరేవు
అదొక్కటే కాదు బాబూ. నదిలో వచ్చే ఒండ్రే తగ్గిపోయింది. పైన జాయక్వాడి, శ్రీరాంసాగర్ లాంటి జలాశయాలు కట్టాక డెల్టా అంచంతా పలచబడింది.

సూరాడపేట బోటు
ధవళేశ్వరం ఆనకట్ట 1852లోనే పూర్తయింది కదా. మరి మా తాత కాలంలో ఒడ్డు బాగానే ఉందే? ఆనకట్టలదే తప్పయితే అప్పుడే ఊరు పోవాలి.

ఉప్పాడ మగ్గం
జాందానీ చీరలకు కాకినాడ నుంచి వచ్చేవాళ్ళు రోడ్డు తెగితే పిఠాపురం మీదుగా తిరిగి రావాలి. చాలామంది రారు. గోడ మాకూ కావాలి.

బడిపంతులు, తాళ్లరేవు
ధవళేశ్వరంలో కాటన్ దొర కట్టింది నీటిని కాలవలకు మళ్ళించడానికి. వరద దాని మీదుగా పొర్లిపోయేది, వరదతో ఒండ్రూ పోయేది. జలాశయాల సంగతి వేరు. నీళ్ళు నిలిచినచోట ఒండ్రు అడుక్కి దిగిపోతుంది. 1970లలో డెల్టాకు చేరినదాంట్లో 1990లలో సగం కూడా రాలేదు. అల మాత్రం ఎప్పటిలాగే ఒడ్డును కోసుకుపోతోంది.

సూరాడపేట బోటు
మళ్ళీ అదే. 1852 సంగతికి జవాబు రాలేదు.

లంక అబ్బాయి
అంతర్వేది దగ్గర కూడా సముద్రం ముందుకొస్తోందన్నా. ఒక్క ఉప్పాడ బాధ కాదు.

సూరాడపేట బోటు
పంతులుగారూ, ఎవరి కట్ట వల్లైతే నాకేంటండి! మీ ఇల్లు ఊళ్ళో చల్లగా ఉంది. మీకు బోటు లేదు, వల లేదు. తుపాను కబురు రాగానే అర్ధరాత్రి ఇంజిను విప్పి ఇంట్లో పెట్టుకుని, ఫైబర్ బోటుకు భుజాలు ఆనించి పైకి నెడతాం. పక్కింటోళ్ళంతా వస్తేనే అది కదులుతుంది. ఇళ్ళు లోపలికి పోతే ఎవరు నెడతారు? జరపండి అనడం మీకు తేలికే.

మెట్టినిల్లు ఉప్పాడ
ఆడవాళ్ళ సంగతి నేను చెబుతాను. మా అత్తగారికి లోపల కాలనీలో ఇల్లొచ్చింది. స్లాబు ఇల్లు, గట్టిగానే ఉంది. కానీ కానాగంతలు, కవళ్ళు లాంటి చేపలు వేలంపాటలో దక్కాలంటే బోటు కనబడేసరికి ఒడ్డున ఉండాలి. ఆవిడ ఆటో దిగేసరికి పాట అయిపోయేది. మిగిలిన చేపలు డాబా మీద ఎండేస్తే వాసనని పక్కవాళ్ళతో రోజూ గొడవ. ఆ ఇంటికి తాళం వేసి మళ్ళీ ఒడ్డుకే వచ్చేశారు.

బడిపంతులు, తాళ్లరేవు
నా ఇల్లు చల్లగా ఉందన్నావు తమ్ముడూ. 1996 నవంబరు 6న తుపాను వచ్చినప్పుడు నేను భైరవపాలెం వైపు చదువు చెప్పేవాణ్ణి. మళ్ళీ బడి తెరిచిన రోజు హాజరు పట్టీ ముందు పెట్టుకుని పేర్లు పిలవలేకపోయాను. పిలిస్తే పలకని పేర్లు ఏవో ముందే తెలుసు. కొందరు పిల్లలు వచ్చారు కానీ వాళ్ళ నాన్నలు లేరు. గోడ ఉందన్న ధైర్యంతో ఒడ్డున పసిపిల్లల్ని పడుకోబెట్టడం నేను ఒప్పుకోను. నాకు ఇసుక లెక్కలకన్నా అదే ముఖ్యం.

సూరాడపేట బోటు
మా మేనమామ ఆ తుపానుకే వేటలో పోయాడండి. శవం కూడా దొరకలేదు. మాకు భయం లేదనుకోకండి. అసలు మాట ఇప్పుడు చెబుతాను. మేం లేచిపోతే ఆ ఒడ్డు ఎవరిదవుతుంది? మాలో పట్టాలున్నవాళ్ళెంతమంది? ప్రమాదమని మమ్మల్ని పంపేసి, రేపు అక్కడే రాళ్ళు పోసి రిసార్టు కట్టరని ఎవరు పూచీ? బోట్లు లాగే చోటు, వలలు ఆరేసే చోటు, పాట జరిగే చోటు ఊరి పేరున రాసి చేతిలో పెట్టమనండి. అప్పుడు నా సామాను నేనే మోసుకుపోతా.

కాకినాడ కుర్రాడు
హార్బరు కడుతున్నారు కదా అన్నా, బోట్లు అక్కడ పెట్టుకోవచ్చు.

సూరాడపేట బోటు
బోటు పెడతాం. వల ఎక్కడ ఆరేయాలి? మా ఆడోళ్ళు ఎక్కడ కూర్చోవాలి?

బడిపంతులు, తాళ్లరేవు
ఒడ్డు మీ పేరున రాయాల్సిందే. ఆ అర్జీ మీద నేనూ సంతకం పెడతాను. కానీ కాగితం వచ్చేదాకా తుపాను ఆగదు. పసిపిల్లలున్న ఇళ్ళు ముందు కదలాలి.

సూరాడపేట బోటు
కాగితం లేకుండా నా ఇల్లు కదలదు. కదిలేదాకా గోడ పని ఆపడానికి వీల్లేదు.

మెట్టినిల్లు ఉప్పాడ
పిల్లలతోపాటు తల్లులూ వెళ్ళాలి కదా పంతులుగారూ. అప్పుడు పాటకు ఎవరొస్తారు? తెల్లవారుజామున కాలనీ నుంచి ఒడ్డుకు, గంపలు ఎక్కనిచ్చే బస్సు కావాలని కూడా ఆ అర్జీలో రాయండి.