పాత అంబాసిడర్‌కు రంగు: పైపైన వేయించాలా, రేకు దాకా గీకించాలా?

పాతబండి72: మాది 1972 నాటి మార్క్ 2 అంబాసిడర్, నాన్నగారు కొన్నది. ఇల్లు విశాఖ లాసన్స్ బేలో, సముద్రానికి దగ్గర. తలుపుల అడుగున రంగు పొక్కులు లేచి ఊడిపోతోంది. అరవై వేలకు మించి పెట్టలేను. పాత రంగు మీదే గరుకు కాగితం పట్టి కొత్తది వేయిస్తే సరిపోతుందా?

గాజువాక_రేకు: సరిపోదండి. పొక్కు కింద ఉన్నది తుప్పు. రంగంతా గీకి, తుప్పు తీసి, రేకు కడిగి ఆరబెట్టి, ఆలస్యం చేయకుండా ఎపాక్సీ ప్రైమర్ (రంగుకు ముందు రేకును తుప్పు నుంచి కాపాడే పూత) కొట్టించాలి. మన గాలిలో ఒట్టి రేకును రాత్రంతా వదిలితే తెల్లవారేసరికి ఎర్రబడుతుంది. తలుపు అడుగున నీళ్లు పోయే కన్నాలు పూడిపోయాయేమో చూడండి. తుప్పు లోపలి నుంచే తింటుంది.

తెల్లపద్మిని: మొత్తం గీకమని చెప్పడం తేలికే, డబ్బు ఎవరిది? చెడినంత వరకే గీకించి మిగతాది పాలిష్ పట్టించండి. నా ప్రీమియర్ పద్మిని కారును మొత్తం గీకుతామని ఒక షెడ్డువారు నాలుగు నెలలు ఉంచుకున్నారు. చూస్తే అద్దంలా ఉంది. గుడ్డ చుట్టిన అయస్కాంతం తలుపుకు ఆనిస్తే జారి కింద పడింది. అంతా గుంతలు పూడ్చే పుట్టీయే, దానికి అయస్కాంతం అంటుకోదు!

ఉప్పుగాలి: ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్, త్వరగా ఆరే పాత రకం) రంగయితే ముసురు రోజున కొట్టించకండి, తేమకు తెల్లగా పాలిపోతుంది. రంగు మారిస్తే ఆర్సీలోనూ మార్పించాలి.

గాజువాక_రేకు: ఒక షెడ్డు మోసం చేస్తే పద్ధతే తప్పవుతుందా? పుట్టీ పలుచగా పెడితే ఏ నష్టమూ లేదు.

తెల్లపద్మిని: మళ్లీ పుట్టీ! ఆ తలుపు పిడి దగ్గర మా అమ్మ గాజులు రాసుకుని పడిన గీతలుండేవి. నన్నొక్క మాట అడగకుండా గీకేశారు. ఇప్పుడు అమ్మా లేదు, ఆ గీతలూ లేవు.

గాజువాక_రేకు: బాధ అర్థమైందండి. మేమూ నాన్న కారును ముట్టుకోకుండా అలాగే దాచుకున్నాం. 2014లో హుద్‌హుద్ తుపాను వానకు తడిసిన బండి మీద టార్పాలిన్ కప్పి వదిలేశాం. తర్వాత ఎక్కబోతే నేల రేకులోంచి కాలు దిగబడింది. తూకానికి అమ్మేశాం. తలుపే మిగలకపోతే గీతలెక్కడ మిగులుతాయి?

పాతబండి72: ఇప్పుడే అయస్కాంతం పెట్టి చూశాను. తలుపుల అడుగున జారిపోతోంది, పైన గట్టిగా పట్టుకుంది. అడుగు వరకే గీకిస్తాను. డ్రైవరు కిటికీ అంచున నాన్నగారు మోచేయి ఆనించిన చోట రంగు అరిగి రేకు తేలింది. అక్కడ మాత్రం ఎవరినీ చేయి వేయనివ్వను.

గాజువాక_రేకు: దానికి నెలనెలా మైనమైనా పట్టించండి. ఒట్టి రేకును ఆ గాలికి వదలకండి.