పొలం చాకుకు ఒర: పీవీసీ పైపు సరిపోతుందా, కైడెక్సే కావాలా?

పదునురాయి: బ్లేడు 10 సెం.మీ., వెన్ను 3 మి.మీ., కార్బన్ స్టీలు. బెల్టుకు తగిలించుకునే ఒర ఇంట్లోనే అచ్చు ఒత్తాలి. పైపు చాలని కొందరు, కైడెక్స్ (వేడికి మెత్తబడే గట్టి ప్లాస్టిక్ షీటు) తప్ప ఏదైనా దండగని కొందరు. ఎవరి మాట వినాలి?

గట్టుమీద: పైపు చాలండీ. 63 మి.మీ. పైపును నిలువునా కోసి విప్పితే దాదాపు 198 మి.మీ. వెడల్పు పలక వస్తుంది. ఒక్క మడతతో చేసే ఒరకి అది ధారాళం. గోడ మందం వెర్నియర్‌తో చూసి 2 మి.మీ. దగ్గరున్నదే తీసుకోండి. 120–130 డిగ్రీల్లో బాగా మెత్తబడుతుంది. ముందు రెండు చెక్కల మధ్య చదును చేసి చల్లార్చండి. రెండోసారి వేడి తగలగానే మళ్లీ గుండ్రంగా చుట్టుకోవాలని చూస్తుంది, పొడవు కూడా కాస్త కుంచించుకుపోతుంది. అందుకని చుట్టూ 2 సెం.మీ. వదిలి కోయాలి. లేత పసుపు రంగు వేణ్ణీళ్ల పైపు, అదే సీపీవీసీ, దీనికి పనికిరాదు. దానికి ఇంకా వేడి కావాలి.

నల్లషీటు: అన్నా, ఒర చేయడం వరకే చెప్పావు, అది నిలవడం సంగతి? మామూలు పీవీసీ ఎండకి పెళుసుబారుతుంది. ఐలెట్ (ఒర పొరల్ని కలిపి బిగించే లోహపు కన్ను) కోసం వేసిన రంధ్రం అంచున సన్నటి పగులు మొదలై మడత దాకా పాకుతుంది. కైడెక్స్ అక్రిలిక్, పీవీసీ కలిపిన షీటు, దెబ్బకి ఓర్చుకుంటుంది. 2 మి.మీ. షీటుని 165–175 డిగ్రీల్లో పెట్టి, పెనం మీంచి తీసిన చపాతీలా వాలిపోయేదాకా ఆగాలి. 200 దాటనివ్వకండి. మెరుపు, బుడగలు కనిపిస్తే మాడుతున్నట్టే, వచ్చేది ఆమ్లపు పొగ. ఇది పైపుకీ వర్తిస్తుంది. వంట చేసే ఓటీజీ అస్సలు వాడొద్దు. డయల్‌ని నమ్మకుండా లోపల విడిగా థర్మామీటరు పెట్టండి.

చెక్కపని: మీరిద్దరూ షీటు గురించే కొట్టుకుంటున్నారు. ఒర వదులైతే తప్పు సాధారణంగా ప్రెస్‌ది, అంటే వేడి షీటుని చాకు మీద నొక్కే ఫోమ్, పలకలది. యోగా మ్యాటు ముక్కలు పెట్టి నొక్కేవాళ్లున్నారు. అది ఈవీఏ అనే మెత్తటి ఫోమ్ అయితే వేడికి అణిగిపోయి పిడి దగ్గర అచ్చు పడదు. నియోప్రీన్ రబ్బరు గానీ గట్టి క్లోజ్డ్ సెల్ ఫోమ్ గానీ వాడండి. 18 మి.మీ. ప్లైవుడ్ రెండు పలకలు, నాలుగు సీ-క్లాంపులు. బ్లేడుకి మాస్కింగ్ టేపు రెండు పొరలు చుట్టాలి, పదును వైపు ఇంకో పొర. ఓవెన్ నుంచి తీశాక పది పదిహేను సెకన్లలో క్లాంపులు బిగిసిపోవాలి, ఆపైన పావుగంట ముట్టుకోకూడదు. చాకుని పట్టి ఉంచేది బ్లేడు కాదు, పిడి మొదట్లో ఉన్న మెట్టు. అక్కడ అచ్చు స్పష్టంగా పడితే తలకిందులు చేసినా జారదు.

పదునురాయి: ఇంత వేడికి బ్లేడు టెంపర్, అంటే ఉక్కు గట్టిదనం, పోదా? ఐలెట్లు ఫ్లెక్సీ బ్యానర్లకి కొట్టేవే పెట్టొచ్చా?

చెక్కపని: పోదు. ఓవెన్‌లోకి వెళ్లేది షీటే గానీ చాకు కాదు. తాకిన క్షణం నుంచీ షీటు చల్లారుతూనే ఉంటుంది. బ్యానర్ ఐలెట్ మెడ పొట్టి, రెండు పొరలు కలిసి 4 మి.మీ. అయ్యేసరికి అవతల విచ్చుకోవడానికి ఏమీ మిగలదు. ఒర మందం మీద ఇంకో 2–3 మి.మీ. పొడవున్నది కావాలి. రంధ్రం అంచు పదునుకి 6 మి.మీ. దూరంలో ఉండాలి. మరీ దూరమైతే ఒర నోరు తెరుస్తుంది. బెల్టు క్లిప్పు కొనేదైతే రంధ్రాల మధ్య 38 మి.మీ. ఉంచండి. చాలా క్లిప్పులు ఆ కొలతకే వస్తాయి.

గట్టుమీద: పగులు సంగతి ఒప్పుకుంటా, కానీ అది రంధ్రం అంచులు నునుపు చేయకపోతేనే ఎక్కువ. డ్రిల్లు వేశాక పెద్ద బిట్‌ని చేత్తో తిప్పి గరుకు తీసేయండి. నాలుగేళ్లకి పోయినా ఇంకో పైపు ముక్కే కదా.

నల్లషీటు: ఆ ముక్క ఎప్పటిదో చూడు ముందు. పైపుల్లో సీసం స్టెబిలైజర్ల (వేడికి ప్లాస్టిక్ చెడకుండా కలిపే పదార్థాల) మీద మన దేశంలో నిబంధనలు వచ్చిందే 2021లో. అంతకుముందు పైపుని పొడిగా రుద్దితే ఆ దుమ్ము ఊపిరిలోకే. తడి ఎమరీ పేపరు వాడాలి, మాస్కు పెట్టుకోవాలి. కూరగాయల కత్తికైతే పాత పైపు ఒర వద్దేవద్దు.

గట్టుమీద: కూరగాయల కత్తికి నేనూ చెప్పను. పొలం చాకుకి కొత్త పైపు కొనండి, పాతదాన్ని గొడ్ల కొట్టంలోనే ఉండనివ్వండి. ఏ షీటైనా సరే, కొన దగ్గర 4 మి.మీ. రంధ్రం మరవొద్దు. నీళ్లు నిలిస్తే కార్బన్ స్టీలుకి తెల్లారేసరికే తుప్పు. టేపు జిగురు కూడా కిరోసిన్‌తో తుడిచి నూనె రాయండి. జిగురుకి ఇసుక అంటుకుంటే ఒరలోకి దూర్చిన ప్రతిసారీ గీతలే.