పెళ్ళిచూపుల్లో ‘పులిహోర’ అనేశాను, తప్పు నాదా మాటదా?

బీచ్‌రోడ్డు_బాతాఖానీ:
మొన్న ఆదివారం మా ఫ్రెండుగాడి పెళ్ళిచూపులకి తోడుగా పెందుర్తి వెళ్ళాం. వాడసలే నోట్లో నాలుక లేని టైపు, కూర్చున్న దగ్గర్నుంచి టీపాయ్ అద్దంలోకి చూస్తున్నాడు తప్ప తలెత్తట్లేదు, సరే కాస్త నవ్విద్దామని నేనే "మావాడు ఇలా ఉంటాడు గానీ పులిహోర భలే కలుపుతాడండి" అనేశాను. పిల్ల తమ్ముడు కిసుక్కుమన్నాడు. పిల్ల చున్నీ అడ్డం పెట్టుకుంది. వాళ్ళ మామ్మగారు మాత్రం చాలా సీరియస్‌గా ముందుకి వంగి "నిమ్మకాయా బాబూ, చింతపండా?" అంది. మావాడు కంగారులో "చింతపండండి" అన్నాడు.

బయటికొచ్చాక వాడు ఎన్ఏడీ జంక్షన్ దాకా నాతో మాట్లాడలేదు. ఇంటికొస్తే మా నాన్న క్లాసు, ఆడపిల్లల్ని మాటల్తో బుట్టలో వేసుకుంటాడని వాళ్ళింట్లోనే కూర్చుని చెప్పొస్తావా అని. ఇంతకీ పెద్దోళ్ళ ముందు ఇలాంటి స్లాంగ్ వాడకూడదా, వాళ్ళే అప్‌డేట్ అవ్వాలా? నా ఓటు రెండోదానికే.

సీతమ్మధార_మాస్టారు:
తప్పు నీదే నాయనా. ఆ మాట సగం మందికి తెలుసు, సగం మందికి తెలీదు, తెలీనివాళ్ళ ఎదురుగా తెలిసినవాళ్ళు నవ్వుకుంటే ఆ పెద్దావిడ పరిస్థితేంటి? ఈ రీల్స్ వచ్చాక ఎవడో ఎక్కడో ఒక కూత కూస్తాడు, తెల్లారేసరికి జగదాంబ జంక్షన్‌లో ప్రతివాడి నోటా అదే. పట్టుమని రెండేళ్ళుండవు ఈ మాటలు.

28నంబర్_బస్సు:
మాస్టారూ, మీరు ఎవర్నీ "అబ్బా ఏం సుత్తి కొడుతున్నాడ్రా" అని ఎప్పుడూ అనలేదా? అది 1982లో జంధ్యాల గారి నాలుగు స్తంభాలాటతో జనాల నోట్లో పడిన మాట, ఆ సినిమా దెబ్బకి వీరభద్రరావు గారికీ వేలు గారికీ ఇంటిపేరే సుత్తి అయిపోయింది. 40 ఏళ్ళు దాటింది, ఇంకా కొడుతూనే ఉన్నాం. అప్పట్లో మీ నాన్నగారు మిమ్మల్ని ఏమన్నారో చెప్పండి ముందు.

ఇంకోటి, పోస్ట్ పెట్టినాయన వాళ్ళ నాన్నగారు తిట్టిన తిట్టు చూశారా, "బుట్టలో వేసుకోవడం" అంట. మరదేంటి, గ్రాంథికమా?

సీతమ్మధార_మాస్టారు:
సుత్తి అంటే ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు, నెత్తి మీద ఠంగు ఠంగుమని కొట్టినట్టు ఉంటుంది కాబట్టి. పులిహోరకీ సరసానికీ ఏంటయ్యా సంబంధం?

పెందుర్తి_అప్ప:
మాస్టారు గారూ, మీరెప్పుడూ పులిహోర కలిపినట్టు లేరు, మీ ఇంట్లో ఎవరో కలిపి పెడుతున్నట్టున్నారు 🙂 అన్నం వేడి మీద గరిటెట్టి కెలికితే ముద్దయిపోద్ది. పళ్ళెంలో ఆరబోసి, కాస్త నూనేసి, పులుసూ పోపూ వేసి చేత్తో మెల్లగా కిందకీ పైకీ అనాలి, మెతుకు విరక్కూడదు, పులుపు ప్రతి మెతుక్కీ పట్టాలి. అవతలి మనిషి నొచ్చుకోకుండా, తొందరపడకుండా, తీపి మాటలు పట్టించేవాడు చేసే పనీ అదే కదండీ. ఎవరు కనిపెట్టారో గానీ వంటొచ్చినవాళ్ళే అయ్యుంటారు అని నా గట్టి నమ్మకం. బిస్కెట్ వెయ్యడం అంటారే, ఊరికే పొగిడి పడెయ్యడం, అది దీని ముందు చాలా తక్కువ రకం, విసిరేస్తే కుక్క తోకూపుతుంది అంతే కదా అందులో.

కంచరపాలెం_గుంటడు:
మీరంతా పులిహోర దగ్గరే ఆగిపోనారు గానీ నా బాధ వేరే బావూ. నేను రుషికొండలో ఒక ఆఫీసులో చేస్తన్నాను, టీమ్‌లో హైద్రాబాద్ వాళ్ళూ విజయవాడ వాళ్ళూ ఉన్నారు. వాళ్ళు పొద్దున్నుంచీ పులిహోర, బిస్కెట్, లైట్ తీస్కో అంటా ఉంటే అది కూల్ అంట, నేను "ఏటి" అంటే మాత్రం లాప్‌టాప్ మూసీసి మరీ నవ్వుతారు. మొన్న లీవ్ అడుగుతూ "మా అప్ప గుంటలిద్దరూ వచ్చినారు, బీచ్‌కి తీసుకెళ్ళాలి" అన్నాను. మా లీడ్‌ది మెదక్ వైపు, సీరియస్‌గా "రెండు గుంటలా, ఎక్కడ తీస్కున్నవ్, రేటెంత?" అన్నాడు. వాళ్ళకి 40 గుంటలైతే ఎకరం అంట! పిల్లలు మహాప్రభో అని చెప్పీసరికి లీవ్ మాట మర్చిపోయి ఫ్లోర్ మొత్తానికి చెప్పీసినాడు. ఇప్పుడు నన్నెవరూ పేరెట్టి పిలవట్లేదు, "ఎకరం" అంటన్నారు.

గుంటడు అన్నది స్లాంగ్ కాదు, మా మామ్మ నన్ను ఎత్తుకుని పిలిచిన పిలుపు. సినిమాల్లో పనివాడికో దొంగోడికో పెట్టే మాటై కూకుంది.

28నంబర్_బస్సు:
ఎకరం అన్నా 😂 సారీ, నవ్వకూడదు గానీ ఆగట్లేదు.

సీతమ్మధార_మాస్టారు:
ఇక్కడ మాత్రం నీ పక్షమే నాయనా. జనం మాట్లాడే భాషలోనే రాయాలని జీవితమంతా పోట్లాడిన గిడుగు రామ్మూర్తి పంతులు గారు పుట్టింది మన శ్రీకాకుళం వైపే, 1863లో. ఆయన పుట్టిన ఆగస్టు 29నే తెలుగు భాషా దినోత్సవం అని దండలేస్తాం, ఆ మర్నాడు ఎవడైనా "ఏటి" అంటే నవ్వుతాం.

పెందుర్తి_అప్ప:
మరి పులిహోర కూడా జనం మాట్లాడే మాటే కదా మాస్టారూ 🙂

సీతమ్మధార_మాస్టారు:
అమ్మా, నన్నిలా ఇరికించడం న్యాయం కాదు. మాట ఉండనీ, పెళ్ళిచూపుల్లో మాత్రం వద్దంటాను, అక్కడికి నేను తగ్గేది లేదు.

బీచ్‌రోడ్డు_బాతాఖానీ:
అప్‌డేట్. సంబంధం కుదిరింది! పిల్ల తర్వాత ఫోన్లో అందంట, మీవాడు ఆ "చింతపండండి" అన్నప్పుడే ఓకే అనుకున్నా, పులిహోర కలపడం రానోడే అలా అంటాడు అని. కాబట్టి నేను గెలిచినట్టే అనుకుంటున్నా, మాస్టారు ఒప్పుకోకపోయినా.

కానీ మామ్మగారికి ఇప్పటిదాకా ఎవరూ అసలు అర్థం చెప్పలేదు. నిశ్చితార్థానికి వంటవాళ్ళని మాట్లాడుతూ, పులిహోర ఒక్కటీ మీరు చెయ్యొద్దు, పెళ్ళికొడుకే 60 మందికి కలుపుతాడు అని చెప్పేసిందంట. వాడు ఇందాకే ఫోన్ చేశాడు, అన్నం ఎంతసేపు ఆరబెట్టాలిరా అని. అప్పా, కొంచెం కొలతలు చెప్తారా?